కాస్త సాగే గురువు

భూమి కదిలిన ఏడాది నాకు పదమూడు.
కాస్త్రోలో కర్రకాళ్ల మీద నిలబడ్డ మా వీధి
సగం సముద్రంలో కూర్చుండిపోయింది.
తంతి లేదు, పడవ రాలేదు.
లారీ బ్యాటరీ పక్కన మా ఎలిసెయో మావయ్య
మూడు రాత్రులు
బతికున్నవాళ్ల పేర్లు గాలికి అప్పజెప్పాడు.
మూడో రాత్రి రెప్పలు నిలవక
పెన్సిల్ నా చేతిలో పెట్టి
"విన్నది రాయి. అర్థం చేసుకోకు" అన్నాడు.
నా చదువు అక్కడ మొదలైంది.

లఘువు, గురువు. లఘువు, లఘువు, గురువు.
బంగాళాదుంపలు చెక్కు తీస్తూ,
చర్చిలో మోకాళ్ల మీద,
పెదవి కదలకుండా నాలుకతో పళ్ల మీద కొట్టేదాన్ని.
నాది గొప్ప భక్తి అని ఫాదర్ మా అమ్మతో చెప్పాడట.

పదిహేడేళ్లకు లైసెన్సు.
మొదటి దూరపు జవాబు
న్యూజిలాండ్ కింది కొస, బ్లఫ్ అనే రేవు నుంచి.
చివరి గురువును కాస్త సాగదీసే చెయ్యి,
గుమ్మం దాకా వచ్చి
చెప్పులేసుకోడానికి ఆలస్యం చేసే చుట్టంలా.
వెయ్యిమందిలో పోల్చుకోగలను అతన్ని.
ఏం మాట్లాడుకున్నామంటారా?
వాన. గాలి. తీగ ఎత్తు. ఎన్ని వాట్లు.
అతనికప్పుడే రేపు, నాకింకా ఇవాళే.
"ఉంటాను ముసలోడా" అనేవాడు.
మా వాళ్లలో అది మర్యాద.
పద్దెనిమిదేళ్ల నేనూ తిరిగి అలాగే అనేదాన్ని.
పోస్టులో వచ్చిన కార్డు మీద పొడి అక్షరాలే:
ఎం. ఆర్. టెయిట్.

పెళ్లయ్యాక ఆపేశాను.
ఎవరూ వద్దనలేదు.
మీట చప్పుడుకి బెలార్మినో దవడ బిగుసుకునేది, అంతే.
మళ్లీ మొదలుపెట్టిన ఏడాదే
సైనికులొచ్చి సెట్టు పట్టుకెళ్లారు.
రసీదిచ్చారు.
రసీదు ఇప్పటికీ ఉంది.

ఎనిమిదేళ్ల తర్వాత పుంతా అరేనస్ నుంచి
పాత జపాన్ సెట్టొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు బెలార్మినో.
ఏమీ అనలేదు.
గొడ్డలి నూరుకోడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.
ఆ రాత్రి బ్లఫ్ అక్కడే ఉంది, అదే సాగతీతతో,
నేను ఉప్పు కోసం పక్కింటికెళ్లి వచ్చినట్టు
"వాన తగ్గిందా?" అని.

అదీ అమ్మేశాను, పడవ ఇంజను కాలిపోయినప్పుడు.
మీట మాత్రం అమ్మలేదు.
పిండి డబ్బాలో దాచాను.
రొట్టె చేసే రోజుల్లో చెయ్యి తగిలితే
రెండు మాటలు ఉత్తినే నొక్కేదాన్ని.

ఇన్నిసార్లు మానడమేంటని అడిగింది మనవరాలు.
సూర్యుడికే ఉందమ్మా నాగాలు పెట్టే అలవాటు,
పదకొండేళ్లకోసారి మచ్చలు పెరిగితే
ఆకాశం మా మాటల్ని మోస్తుంది,
లేకపోతే జారవిడుస్తుంది, అన్నాను.
అది సాకే. నాకూ తెలుసు.

అరవై ఆరేళ్లకు మళ్లీ కూర్చున్నప్పుడు
వేళ్లు మొరాయించాయి,
సిగ్గు చంపుకుని మొదటిసారి మైకు పట్టుకున్నాను.
అటునుంచి ఆడగొంతు.
టెయిట్ ఉన్నారా అన్నాను వచ్చీరాని ఇంగ్లీషులో.
నేనే, మ్యూరియెల్, అంది.
నువ్వు ఆడదానివా అంది.
నలభై తొమ్మిదేళ్లుగా ముసలోడా, ముసలోడా!
ఇద్దరం నవ్వుతుండగానే
ఆకాశం మూసుకుంది.
మిగతా నవ్వు ఎవరింట్లో వాళ్లం నవ్వుకున్నాం.

ఎవరైనా పోతే
మీట మూగబోయిందంటారు మా వాళ్లు.
పోయిన చలికాలం నుంచి బ్లఫ్ వినపడటం లేదు.
ఎవర్నీ అడగలేదు.
అడిగితే చెప్పేస్తారు.

ఇవాళ అదే చోట ఎవరో కుర్రాడు, హొక్కైడో అట.
మీట కాదు, యంత్రం కొడుతోంది:
లఘువులన్నీ ఒకే కొలత,
చేతి తడి ఎక్కడా లేదు.
జవాబిచ్చాను. వాన, వాట్లు, తీగ ఎత్తు.
"మీ చివరి అక్షరం ఎందుకాగుతోంది, మీట పాడైందా?" అన్నాడు.

చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

బయట తీగ మీద బందూరియా పిట్టేదో వాలినట్టుంది,
సూది అటూ ఇటూ ఊగుతోంది.
లేచి తోలాలి.