తప్పు ఎక్కం

గ్రిమ్స్‌బీ చేపల ఫ్యాక్టరీలో
హాడక్ పెట్టె ఎత్తుతుంటే పట్టేసిన కుడి భుజం
మానిపోయి ఆరేళ్లయింది.
స్కాన్ శుభ్రంగా ఉంది,
కడిగి బోర్లించిన కత్తిపీటలా.

మరి ఇదేమిటి?
స్వెటర్ దారం తగిలితే చాలు
గోరుచుట్టు మీద రోకటిపోటు.
గోరుచుట్టూ లేదు, రోకలీ లేదు,
పోటు మాత్రం ఉంది.
కనపడని నొప్పి
బద్ధకానికి ముద్దుపేరని
లైన్లో నా వెనక ఎవరో అన్నారు.

ఫిజియో గ్లెనిస్ కవరు వెనక వెన్నుపాము గీసింది.
వాచినన్నాళ్లూ భుజం పంపిన కబురే పంపిందట.
విని విని అక్కడి నరాలు
కంఠతా పట్టేశాయట.
పక్కనుండే కాపలా కణాలు,
యుద్ధం ముగిసిందని ఎవరూ చెప్పక,
ఇంకా కాగడాలు ఆర్పలేదట.

నాకు మా మూడో తరగతి గుర్తొచ్చింది.
ఎక్కం ఒకసారి తప్పుగా నోటికొస్తే
బెత్తం విరిగినా ఆ తప్పే వచ్చేది.
నా వెన్నులో ఎవడో మొండి పిల్లాడు
రెండొకట్ల పన్నెండు
రెండొకట్ల పన్నెండు
అని ఊగుతూ వల్లిస్తున్నాడు.

కొట్టకూడదట వాణ్ణి.
ఇబూప్రొఫెన్ వాడికి వినపడదట.
రోజుకింత చెయ్యి ఎత్తి, దించి,
సరైన లెక్క మెల్లగా చెప్పాలట.

ఇవాళ తెల్లవారుజాము షిఫ్టు.
లాకర్ల దగ్గర మోరీన్
మర్చిపోయి భుజం మీద చెయ్యి వేసింది.
కళ్లు మూసుకున్నాను.
రెండొకట్ల ఎంతరా?
ఎనిమిది, అన్నాడు.

తప్పే.
అయినా ఏప్రాన్ ముడి ఈసారి
వీపు వెనక నేనే వేసుకున్నాను.