దూరం చెప్పే పద్ధతి

జుమ్లాలో విమానం దిగిన గంటకే మొదలెడతారు
"ఇంకెంత దూరం, రోకాయా?"
నీళ్ళసీసా మూత తిప్పుతూ ఒకరు,
బూటులో రాయి దులుపుకుంటూ ఒకరు.
నేను గడ్డంతో చూపిస్తాను:
అదిగో, ఆ మలుపు దాటితే.

పద్దెనిమిదేళ్ళుగా ఈ ఒక్క అబద్ధంతోనే
ఇల్లు గడుపుతున్నాను.

మా దగ్గర దూరానికి కొలతలు వేరే ఉన్నాయి.
ఒక చిలుం దూరం. రెండు చిలుముల దూరం.
అత్తింట్లో అలిగి బయల్దేరిన పిల్ల
కోపం చల్లారి వెనక్కి తిరిగేంత దూరం.
మీ చేతిగడియారాలు గుండెచప్పుడూ లెక్కపెడతాయట.
నూట నలభై రెండు, అని చూపించాడు నిన్న ఒకాయన
దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా.

మూడో రోజు ఊళ్ళో
మిద్దెల మీద మిరపకాయలు ఎండుతున్నాయి.
ఇంటికి నిచ్చెనంటే ఒక్క దుంగ,
గొడ్డలితో కాట్లు పెట్టిందే.
మీలో ఒకామె సగంలో ఆగిపోతే
పైనుంచి జౌకలా అరిచింది,
"పైకే రమ్మను, కుక్క కింద ఉంది!"
ఫాపర్ రొట్టె, ఉప్పుతో నూరిన అక్రోటు పెట్టింది.
ఫొటో తీసుకోవచ్చా అని మీరడిగారు.
"తీసుకెళ్ళి ఎక్కడ పెడతారు?" అందామె.
ఆ మాట మీకు తర్జుమా చెయ్యలేదు నేను.

ఐదో రోజు కనుమ.
ఇక్కడ మీ గొంతు మారుతుంది.
మర్యాదలు రాలిపోయి, నీరసంగా, చీకట్లో పిల్లల్లా
"ఇంకెంత దూరం?"

ఆ గొంతు నాకు తెలుసు.
ఒకసారి నా వీపు మీంచే విన్నాను.

డోకో బుట్టలో కంబళి పరిచి
ఒక పక్క అల్లిక కోసి కాళ్ళకు దారి చేసి
బిస్నాను కూర్చోబెట్టాం. నుదుటిపట్టీ నాది.
నా వీపుకి ఆమె వీపు.
వెళ్ళే దారి నాకు, వచ్చిన దారి ఆమెకు.
నొప్పులు మొదలై రెండు రాత్రులు.
మంత్రసాని చేతులు కడిగేసుకుంది.
ఆస్పత్రి అవతలి లోయలో.

"ఇంకెంత దూరం?"
ఆ మలుపు దాటితే.
"ఇందాకా అదే అన్నావు."
అది వేరే మలుపు.
"ఇంకెన్ని ఉన్నాయి?"
ఒక్కటే.
నొప్పి మధ్యలో ఆమె నవ్వింది.
నా చెవికి వినబడలేదు,
నుదుటి పట్టీకి తెలిసింది.

కనుమ మీద, గొర్రెల కాపరులు పేర్చిన రాతిగోడ చాటున
గాలికి కంబళి అడ్డం పట్టి
నేను అటు తిరిగి నిలబడి ఉండగా
వాడు వచ్చేశాడు.
ఆస్పత్రి కోసం ఆగలేదు.
కొండనెత్తిని మేం లేఖ్ అంటాం. వాడికి అదే పేరు.

రాత్రి పొయ్యి దగ్గర మీ తెలుగాయన
తన భాషలో లేఖ అంటే ఉత్తరం అన్నాడు.
కావచ్చు.
చేరాల్సిన ఊరు చేరకముందే
దారిలో విప్పుకున్న ఉత్తరం.

అదిగో, వంటసామాను మోస్తూ
ఈల వేసుకుంటూ ముందు పోతున్నాడే, వాడే.
మొన్న పందొమ్మిది నిండాయి.
ఎవరడిగినా నిజం చెప్పేస్తాడు.
"ఐదు గంటలు, వాన పడితే ఆరు" అంటాడు మొహం మీదే.
ఆ మాట విని నిన్న ఇద్దరు
దారి మధ్యలో చతికిలబడ్డారు.
తిట్టాను. ఇది బేరంలాంటిదిరా, కొంచెం కొంచెంగా చెప్పాలి అన్నాను.

ఇంటికెళ్తే వాళ్ళమ్మ వాడి పక్షమే.
"నువ్వు ముందుకు చూస్తూ నడిచావు.
నేను వెనక్కి తిరిగి కూర్చున్నాను.
దాటిన ప్రతి మలుపూ నాకు కనబడింది.
నూట పదిహేడు" అంటుంది
పిండి కలుపుతూ, తల ఎత్తకుండా.

లేవండి మరి.
మబ్బు పడుతోంది.
అదిగో, ఆ మలుపు దాటితే
టీ.