నాలుగో నోరు

సెట్టాప్ డబ్బాలు రాకముందు సంగతి.
చీపురుపల్లిలో రైల్వే గేటు దాటాక
గొర్లె దాలినాయుడి గోడకి నిచ్చెన వేశాను.
బొమ్మ మీద చీమలు పాకుతున్నాయని కబురు.

మూడు టీవీలు, ఒకటే తీగ.
ముందుగదిలో ఆయనది, ఇరవై తొమ్మిది అంగుళాలు.
మేడ మీద తమ్ముడిది.
పెరట్లో రేకుల పాకలో, కుట్టుమిషను పక్కన
చిన్నకోడలు రోహిణిది, పాతది, పట్టకారుతో ఛానెలు తిప్పేది.

ఎవరు లాగారో గాని ఆ తీగని!
ముందుగదిలో ఒక చీలిక, మిగిలింది మేడకి.
మేడ మీద ఇంకో చీలిక,
మిగిలినదాంట్లో మిగిలింది పాకకి.
నడుమ రెండు చోట్ల చేత్తో మెలిపెట్టి
దెబ్బతిన్న వేలికి కట్టు కట్టినట్టు నల్లటేపు చుట్టారు.
విప్పితే లోపల రాగి
వాన తాగి పచ్చబడి ఉంది.

"బూస్టరొకటి తగిలించీరాదేటి?"
కుర్చీలోంచే అన్నాడు దాలినాయుడు.
ఎక్కడ తగిలించమంటారు బావూ?
చివర్లో పెడితే చీమల్ని కూడా బలిపిస్తుంది.
గొంతు బాగున్నప్పుడే మైకు పెట్టాలి.
జలుబు చేశాక పెడితే
ఊరంతటికీ వినిపించేది దగ్గే.

పంచితే తగ్గుతుంది, అది ఎవరి తప్పూ కాదు.
రెండుగా చీలిస్తే చెరోవైపూ సగం కూడా పూర్తిగా చేరదు,
ఆ తరుగు పంచిన పెట్టె కూలి.
కానీ తిన్నవాడి కంచంలోంచి తీసి
ఇంకొకరికి పంచడం ఏం పంపకం?

వీధి తీగ గడప దగ్గరికి వచ్చినచోటే
ముందు బూస్టరు, దాని వెనక పెట్టె.
ఎవరి తీగ వాళ్ళకి, నడుమ ముడి లేకుండా.
పెట్టెకి మాత్రం నాలుగు నోళ్ళు,
మూడు నోళ్ళది ఆ రోజు కొట్లో లేదు.
ఖాళీయే కదా అని వదిలేస్తే
అక్కడిదాకా పోయినది గోడకి తగిలినట్టు తిరిగొచ్చి
ప్రతి బొమ్మ పక్కనా ఓ నీడని నిలబెడుతుంది.
అందుకని దానికో మూత బిగించాలి.
డెబ్బై అయిదు ఓములు, ఆరు రూపాయలు.
దాలినాయుడు బేరమాడింది
ఆ ఆరు రూపాయల దగ్గరే.

పాకలోకి వెళ్ళేసరికి తెర నిండా మంచు.
మంచులోంచి ఎవరో ఏడుస్తున్నారు.
"ఎన్నాళ్ళయిందమ్మా ఇలాగ?"
"ఏడాది దాటీసింది బావూ."
"చెప్పొచ్చు కదా."
"మాట ఇనబడితే సాలు కదేటి.
సంకముక్క కుట్టినప్పుడు బొమ్మ సూస్తే
నా ఏలు నానే కుట్టీసుకుంటాను."

మూడో తీగ బిగించాను.
మంచు విడిపోయింది.
పట్టుచీరలో ఒకావిడ మెట్లు దిగుతూ
ఎవరినో తిడుతోంది, ప్రతి నగా విడివిడిగా కనబడుతోంది.

రోహిణి పాదం మిషను మీద ఆగింది.
"ఇదేటి, ఈ గొంతు ఈ మనిషిదా?
నానైతే మా గరివిడి పిన్నమ్మ మొకం ఎట్టుకున్నాను దీనికి.
ఆలిల్లయితే మా అమ్మోలిల్లే, అదే వసారా.
ఆ గుంటకి నాను కుట్టిన పసుపు జాకెట్టే ఏసినాను."

పగలబడి నవ్వింది.
పళ్ళమధ్య పట్టుకున్న దారం జారిపోయింది.
కాసేపు అలాగే చూసి
లేచి, టీవీని గోడవైపు తిప్పీసింది.

"బొమ్మ బాగానేదని కాదు బావూ. అద్దంలాగుంది.
రేపటికి ఆరు జాకెట్లివ్వాల."

గోడ మీద రంగులు కదులుతున్నాయి.
ఆవిడ గొంతు తిడుతూనే ఉంది.
మిషను మళ్ళీ మొదలైంది.

పుస్తకంలో నూట ఇరవై రాసుకుని
నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేసరికి గేటు పడింది.
మాంగనీసు రాయి నింపుకుని గూడ్సు వెళ్తోంది, తొందర లేకుండా.
జేబులో ఇంకో మూత దొరికింది.
దాన్ని వేళ్ళమధ్య తిప్పుకుంటూ
గరివిడి పిన్నమ్మ మొకం ఎలా ఉంటుందో
అనుకోడానికి చూశాను, ఆఖరి పెట్టె దాటేదాకా.