ఎప్సిలాన్, డెల్టా

నూట పన్నెండో పేజీ.
మూడో వాక్యం. ఏడోసారి.
పాచి పట్టిన రేవు మెట్ల మీద కాలు జారినట్టు
కళ్ళు దాని మీంచి జారిపోతున్నాయి.

ఫోన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టాను.
పది నిమిషాలు ఆగాను, ఒట్టు, పూర్తిగా పది.
తర్వాత చూస్తే
మోచేతి దాకా తవుడంటిన చెయ్యి
ఎవరిదో చేపల పులుసు ఫొటోకి గుండె గుర్తు పెడుతోంది.

సువార్త ఒక చిట్కా చెప్పింది:
ఇరవై ఐదు నిమిషాల చదువు, ఐదు నిమిషాల విశ్రాంతి.
తన మొదటి విశ్రాంతి మధ్యాహ్నం మొదలైంది,
దీపాలు పెట్టే వేళకీ తీరలేదు.

మా ఇంటి వెనక రొయ్యల చెరువుల్లో
ఏరేటర్లు రాత్రంతా నీళ్ళని బాదుతుంటాయి.
వాటికి నిద్ర లేదు.
నాకు నిద్రా లేదు, చదువూ లేదు.

పొద్దున్న సఖినేటిపల్లి రేవులో ఏడుంబావు పంటు.
పాల క్యాన్లు, కొబ్బరికాయల ఆటో,
పెళ్ళికి పోతున్నట్టు బొట్టు పెట్టిన ఒక మేక.
ఇంజను మోత ఎంత పెద్దదంటే
మిగతా మోతలన్నీ అందులో మునిగి చచ్చాయి.
ఒక చెయ్యి కమ్మీకి, ఒక చెయ్యి పుస్తకానికి.
ఫోనుకి మూడో చెయ్యి లేదు.

ఏటి నడుమకి వచ్చేసరికి
ఆ మూడో వాక్యం దానంతటదే తలుపు తీసింది.

నువ్వు ఎంత చిన్న ఎప్సిలాన్ అడిగినా సరే
నేనొక డెల్టా చూపిస్తాను.
ఆ డెల్టా దాటకుండా ఉన్నంతసేపూ
జవాబు నీ ఎప్సిలాన్ దాటదు.

పుట్టి ఇరవై రెండేళ్ళు డెల్టాలోనే ఉన్నాను.
ఎప్సిలాన్ అడగడమే తెలియలేదు.
అడిగిందల్లా ఫస్ట్ క్లాసు, ఉద్యోగం,
సిలబస్ మొత్తం, ఒక్క రాత్రిలో.

నరసాపురం ఒడ్డు తగిలింది.
అందరూ దిగారు, మేక కూడా.

“దిగరా అమ్మాయిగారూ?”
“ఇంకో పేరా ఉందండి.”
టిక్కెట్ల తాతబ్బాయిగారు నన్ను చూశారు, పుస్తకం చూశారు.
“ఆయ్. అయితే కూర్చోండి.”

అవతలికి, ఇవతలికి, మళ్ళీ అవతలికి.
మూడోసారి ఆయన టిక్కెట్టు చింపలేదు.
పీజీ సెంటర్లో మొదటి క్లాసు పోయింది.
ఎందుకు రాలేదని శేషుకుమారి మేడం అడిగితే
చదువుకుంటున్నానండీ అన్నాను.
క్లాసంతా నవ్వింది.

శ్రావణంలో ఎర్రనీరు దిగింది.
పంటుని మోకులతో కట్టేశారు.
కట్టేసిన పంటు మీదే వెళ్ళి కూర్చున్నాను.
ఇంజను లేదు.
మునిగిన చిన్న మోతలన్నీ ఒక్కొక్కటే పైకి తేలాయి:
మోకు కిర్రుమనడం, ఎవరిదో దగ్గు,
సంచిలో నా ఫోను చేసే పురుగు చప్పుడు.

ఎదురు బల్ల మీద ఒకామె లేసు అల్లుతోంది.
ఏజెంటుకి ఇవ్వాల్సిన గుడ్డ, ఏరు దాటలేక ఆగిపోయింది.
పెదాల మీదే లెక్క, బయటికి రాదు.
బుట్టలో ఆమె ఫోను మోగింది.
వరస పూర్తిచేసి, కొస ముడేసి, అప్పుడు ఎత్తింది.
మాటల్లో పడి తర్వాతి వరసలో లెక్క తప్పింది.

తిట్టుకుంటుందేమో అనుకున్నాను.
దారం కొస పట్టుకుని లాగింది, అంతే.
గొలుసులన్నీ చప్పుడు లేకుండా విడిపోయి
ఒళ్ళో ఉంగరాలు చుట్టుకున్నాయి.
సూది మళ్ళీ మొదటి కన్నంలోకి దిగింది.
ఒకటి.

నేనూ పేజీ మీదికి వంగాను.
బయటికెళ్ళిన మనసు ఎటెళ్ళిందో ఆరా తియ్యలేదు.

నూట పదమూడో పేజీ.
మొదటి వాక్యం.
ఎన్నోసారో లెక్కపెట్టలేదు.