రెండో రౌండు

నతానికి చేతులూ ఖాళీ లేవు, నోరూ ఖాళీ లేదు.
నాకు చెవులొక్కటే ఖాళీ.
వాడు ఆడుతూ చెబుతాడు, నేను అల్లుతూ వింటాను.
కొక్కెం సూది దారాన్ని లాక్కొస్తుంటుంది,
లేసు పువ్వుకి ఏడో రేక దిగుతుంటుంది.

కువైట్ నుంచి పిన్ని తెచ్చిన ఆటపెట్టె అది.
అక్కడి పిల్లాడికి మొహం మొత్తితే ఇచ్చేశారట.
ఒక మీట ఊడింది, అగ్గిపుల్లతో నొక్కుతాడు.
లోపల ముప్పై తొమ్మిది జీవాలు:
ఒకటి నిప్పు కక్కుతుంది, ఒకటి రాయిలా పడుకుంటుంది.
పోటీకి మాత్రం బొమ్మిడాయినే పంపుతాడు.
దాని అసలు పేరు నోరు తిరక్క వీడే అలా పెట్టాడు.
నెత్తిన చిన్న దీపంతో, జారుడుగా, నీలంగా,
బోదెలోంచి ఇప్పుడే తల ఎత్తినట్టుంటుంది.

"మొదటి రౌండు అందానికక్కా.
ఏం చెయ్యక్కర్లేదు, నిలబడితే చాలు.
ఇన్నాళ్ళూ ఏ మిఠాయి పెట్టామో ఆ మెరుపు.
కడుపు నిండితే ఇంక ముట్టదు.
తప్పు మిఠాయి పెట్టామా, వెనక్కి తియ్యలేం."

నాకేం పెట్టారో లెక్కేసుకున్నాను:
గంజి, చింతకాయ పచ్చడి, సండేస్కూల్లో బిస్కట్లు.
మెరుపు సంగతి తెలీదు. కడుపైతే నిండలేదు,
అంటే నాకింకా అవకాశం ఉన్నట్టే.

"రెండోది విద్యలకి. ఐదు ఆవృతాలు.
జడ్జికి నచ్చితే గుండెకాయలిస్తాడు.
ఎక్కువొచ్చినోడు తర్వాత ముందు దిగాలి.
ఆఖర్న దిగినోడు ముందోళ్ళని ఉలిక్కిపడేస్తే
వాళ్ళ గుండెకాయలు రాలిపోతాయి."

సఖినేటిపల్లి పంటు ఎక్కినట్టే అన్నమాట.
ముందెక్కినోడికి ఏరు కనబడుద్ది,
వెనకెక్కినోడికి అందరి వీపులూ కనబడతాయి.

"ఐదు చప్పట్లకి హాలు ఊగిపోద్ది.
ఐదోది ఎవడు కొట్టిస్తే వాడికే ఆ మార్కులన్నీ."
మరి ముందు నాలుగు కొట్టించినోళ్ళకో?
వాడు అగ్గిపుల్ల మార్చుకున్నాడు, జవాబు చెప్పలేదు.

"వాన కురిపిస్తే ఒకటే గుండెకాయ.
కానీ వాన తర్వాత మెరుపు చూపిస్తే రెట్టింపు.
అందుకని మొదట తక్కువొచ్చిందని ఏడవకూడదు."
ఈ మాట మా అమ్మకి ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

"అసలైన రూలు ఇది:
చేసిందే మళ్ళీ చేస్తే జడ్జికి విసుగు.
ఉన్నవీ పోతాయి."

సూది ఆగింది.
శనివారం మేడిశెట్టి వారి గుమాస్తా వస్తాడు.
రెండు వందల నలభై పువ్వులూ ఒకేలా ఉండాలి.
స్కేలు పెట్టి చూస్తాడు, వెలుతురికి ఎత్తి చూస్తాడు.
ఒకసారి నిద్రమత్తులో ఎనిమిదో రేక వేశాను.
"భలే ఉంది రూతమ్మా" అన్నాడు.
అని, పక్కన పడేశాడు. దానికి కూలి కట్టలేదు.

కరెంటు పోయింది. రొయ్యల చెరువుల్లో చక్రాలు ఆగి,
ఒక నిమిషం, ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి,
జనరేటరు దగ్గుతూ లేచింది.
వసిష్ఠ పాటు మీదుంది, బురద వాసన.
ఏటికి కూడా రెండే రౌండ్లు, పోటూ పాటూ.
ఎన్నేళ్ళుగా చేసిందే చేస్తోంది,
ఎవడు తగ్గించాడు దాని మార్కులు?

నతాని నిద్రపోయాక పెట్టె నేను తీశాను.
బొమ్మిడాయిని బరిలో దింపి బుడగ ఊదమన్నాను.
మళ్ళీ బుడగే. మళ్ళీ. ఐదుసార్లూ బుడగే.
జడ్జి ఆవలించాడు, జనం సెల్లు చూసుకున్నారు
(సెల్లు లేవులెండి, నాకలా అనిపించింది).
కానీ మూడో బుడగ కొంచెం ఆలస్యంగా పగిలింది.
నాలుగోది పగిలే ముందు ఎడమకి వంగింది.
ఐదోదాంట్లో దాని నెత్తి దీపం తలకిందులుగా కనబడింది.
రోజూ ఒకే పువ్వు అల్లేదానికి
అవి ఐదూ ఐదు రకాలు.

నాలుగో స్థానం వచ్చింది. ఉన్నది నలుగురే.

పొద్దున్న పళ్ళు తోముకోకుండానే వాడు చూశాడు.
నా వంక చూశాడు. ఏడుపు మొహం పెట్టబోయి,
బొమ్మిడాయిని తిప్పి తిప్పి చూసుకుని,
కొత్త అగ్గిపుల్ల తీసి ఆటలో పడ్డాడు.
ఓడినా మెరుపు తగ్గదట.
ఆ రూలు మాత్రం రాత్రి చెప్పనేలేదు, దొంగ.