థ్రిమ్

మాటలు పుట్టిన తేదీ వెతకడం నా ఉద్యోగం.
నిఘంటువు కోసం చీటీలు రాస్తాను.
ఈ నెలంతా బల్లమీద ఒకటే చీటీ: థ్రిమ్.

మొదట విన్నది ప్లంబరు నోట.
మా బాయిలరుకి చెవి ఆనించి
"థ్రిమ్ మిగిలిందంతే, రాత్రికి చల్లబడిపోతుంది" అన్నాడు.
తర్వాత లీడ్స్ రైల్లో ఒక పిల్ల,
ఆరిపోబోతున్న ఫోను పట్టుకుని:
"అమ్మా, థ్రిమ్ మీదున్నా, త్వరగా చెప్పు."
జీతాలకి మూడు రోజుల ముందు
మా ఆఫీసు ఆఫీసంతా థ్రిమ్మే.
ఎవర్నడిగినా కూడబలుక్కున్నట్టు ఒకటే జవాబు,
పాత మాట కదా, మా నాయనమ్మ అనేది.

అనలేదు. అనడానికి వీల్లేదు.
వెనక్కి తవ్వుకుంటూ పోతే
వెయ్యిన్నీ తొమ్మిదివందల అరవై ఒకటిలో
గడ్డ కట్టినట్టు ఆగిపోయింది దారి.
అట్ట ఊడిన నవల, వెల రెండున్నర షిల్లింగులు.
చంద్రుడి మీద గనిలో ముగ్గురు, ఒక్క గాలి సిలిండరు.
నలభయ్యో పేజీ: "థ్రిమ్ ఉంది. పంచుకుందాం."

అట్టమీద మగపేరు.
ఆ పేరు చాటున, గ్రిమ్స్‌బీలో
చేపల కంపెనీ బిల్లులు టైపు కొట్టిన విన్నీ బ్లాన్‌షర్డ్.
తొంభై దాటాయి. వృద్ధాశ్రమంలో కిటికీ పక్క కుర్చీ.

గ్రీకు ధాతువా, అన్నాను.
పడవలవాళ్ల పాత మాటేమైనా?
కట్టుడు పళ్లు జారేంత నవ్వింది.

"అద్దెగదిలో గ్యాస్ మీటరయ్యా.
షిల్లింగు పడేస్తేనే మంట.
ఆరేముందు నీలంగా ముడుచుకుని
చిన్న చప్పుడు చేసేది.
అది వినపడ్డాక ఇంకో పేరా కొట్టగలిగేదాన్ని,
వేళ్లు కొంకర్లు పోయేలోపు.
చంద్రుడి సంగతి నాకేం తెలుసు?"

నవలకి నలభై పౌండ్లిచ్చారట.
మాటని కొసరుగా పట్టుకుపోయారు.

అప్పుడే ఓమోలారా వచ్చింది, దగ్గుమందు వేళ.
సీసా వెలుతురుకెత్తి చూసి
"థ్రిమ్మే ఉంది విన్నీ, సాయంత్రం కొత్తది తెప్పిస్తా" అంది.
విన్నీ నావైపు చూడలేదు.
ఆ అమ్మాయికి ఏమీ చెప్పలేదు.
బుద్ధిగా నోరు తెరిచి చెంచా అందుకుంది.

నేను లేచి కోటు తొడుక్కుంటుంటే అడిగింది,
"మీ పుస్తకంలో చివర 'ఎమ్' ఒకటా, రెండా?"
ఒకటేనండి.
"నేను రెండు కొట్టాను.
ప్రెస్సువాడు ఒకటి మింగేశాడు.
ఆ చప్పుడు ఇంకాస్త పొడుగు."