నలభై ఏడో పేజీ

బాలాజీ కాలనీలో మా జిరాక్సు అంగడికి
ఎండపూట ఒకావిడ వచ్చింది,
చంకలో గొడుగు, సంచిలో అట్ట నలిగిన పుస్తకం.
పిలకాయల్ని ఎట్లా అర్థం చేసుకోవాలో
ఎవరో డాక్టరు రాసిందంట.
"మూడు సెట్లు తియ్యమ్మా, స్పైరల్ వెయ్యి,
ముగ్గురు కోడళ్ళు నాకు" అనింది.
నవ్వలేదు.

మూత ఎత్తడం, పేజీ తిప్పడం, మూత దించడం.
పచ్చటి వెలుగు ఆ కొస నుంచి ఈ కొసకు పోయేలోగా
నాకు దొరికేది రెండు లైన్లు.
ముప్పై రెండులో మొండితనం,
ముప్పై ఎనిమిదిలో అబద్ధాలు,
నలభై ఒకటిలో పక్క తడిపే పిల్లలు.
రైలు ఆగని స్టేషన్ల పేర్లు చదివినట్టు చదివినాను,
మా లోక్షిత్ గాడు ఏ పేజీలో ఉండాడో అని.

ఆరేళ్ళు వానికి. బైరాగిపట్టెడ బళ్ళో ఒకటో తరగతి.
నిన్న టీచరమ్మ ఫోను, మళ్ళీ ఎవరినో కరిచినాడని.
మొన్న పెరుగన్నం గిన్నె గోడకేసి కొట్టినాడు,
గోడ ఇంకా పుల్లగా వాసనొస్తా ఉండాది.
మా అత్త మునెమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది,
ఘాటు రాలేదు, దిష్టే అనింది.
మా ఆయన బెల్టు తీసి
ఏమీ అనకుండా మళ్ళా పెట్టుకున్నాడు.
నేను కొట్టినాను.
ఎవరికీ చెప్పలేదు ఇది.
వాని చెంప కంటే నా చెయ్యే ఎక్కువ మండింది
అని చెప్తే అబద్ధం.
వాని చెంపే మండింది.

నలభై ఏడు దగ్గర మిషను కాయితం మింగింది.
లాగితే ఒక పక్కంతా మసి.
ఆ తిప్పలో నలభై ఎనిమిది
అద్దం మీద ఎప్పుడు పోయిందో కూడా చూడలేదు.

చెడిపోయిన కాయితాలు మా ఇంటికే వస్తాయి,
వెనకపక్క తెల్లగా ఉంటే పాల లెక్కకు పనికొస్తాయి.
రాత్రి కొర్లగుంటలో, లెక్క రాద్దామని తీస్తే
మసి కింద చివరి లైను:
"పిల్లవాడు గట్టిగా అరుస్తున్నప్పుడు
మీరు చెయ్యవలసిన మొట్టమొదటి పని"
అంతే.
మిగతాది ఏ కోడలి ఇంట్లో ఉండాదో.

మూడు దినాలు ఆ వాక్యాన్ని నేనే పూర్తి చేస్తా వచ్చినాను.
తలుపు వేసినాను.
చాక్లెట్టు ఇచ్చినాను.
పది దాకా లెక్కబెట్టబోతే
ఏడు దగ్గరే నా గొంతు లేచింది.
టీవీ పెట్టినాను.
ఒకసారి ఏం చెయ్యాలో తోచక ఊరికే నిలబడినాను.

నాలుగో దినం కాయితం కనబడలేదు.
మంచం కింద వాడు, బోర్లా పడుకోని,
నలభై ఏడు వెనకపక్క పెన్సిలుతో బొమ్మ గీస్తా ఉండాడు.
రెండు పెద్ద పెద్ద కాళ్ళు. చీర కుచ్చిళ్ళు.
నడుము దగ్గరే కాయితం అయిపోయింది.
"ఎవర్రా ఇది?"
"నువ్వు."
"మొహమేదిరా?"
"అందలేదు" అన్నాడు.

వారం తిరిగినాక ఆవిడ మళ్ళా వచ్చింది.
ఒక సెట్టులో నలభై ఏడు లేదంట,
చిన్నకోడలు కనిపెట్టిందంట.
"అయితే ఆ పిల్ల చదవతా ఉండాదన్నమాట" అని
ఆ పొద్దు కొంచెం నవ్వింది.
పుస్తకం అద్దం మీద బోర్లించినాను. వెలుగు పోయింది.
మూత ఎత్తి, ఆమె అడగకుండానే పేజీ తిప్పినాను.
నలభై ఎనిమిది, మొదటి లైను:
"కూర్చోవడం."

ఒక్క మాట.
పొద్దున తొమ్మిది నుంచి నిలబడే ఉండాను నేను.
అంగట్లో ఉండే ఒకే ఒక స్టూలు మీద
ఎ-ఫోర్ కట్టలు, నా భుజమంత ఎత్తు.
ఆవిడ పోయినాక దించినాను, ఒక్కొక్కటే.

ఆ రాత్రి వాడు మళ్ళా గిన్నె విసిరినాడు.
ఈసారి సాంబారు.
నేను నేల మీద కూలబడినాను, మునక్కాయ ముక్కల పక్కన.
అరస్తా అరస్తా ఆగి
వాడు నా మొహం చూసినాడు,
ఇంటికి కొత్తగా ఎవరో వచ్చినట్టు.
తర్వాత మళ్ళా అందుకున్నాడు,
కొంచెం దగ్గరికి జరిగి.